ముగ్గు ఫోటో పెట్టాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించేవాళ్లకి

బెంగళూరు, మారతహళ్లి. మూడో అంతస్తు. మాకు వాకిలి అంటే లిఫ్టు ఎదురుగా రెండు టైళ్లు, అక్కడ ముగ్గు వేస్తే హౌస్‌కీపింగ్ అక్క పది గంటలకల్లా తుడిచేస్తుంది, పాపం ఆమె పని ఆమెది. అందుకని నేను గళ్ల నోటుబుక్కులో మెలికల ముగ్గులు వేసుకుంటాను. ఎన్నాళ్లని నాకు నేనే చూసుకోను? ఇక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపు ఒకటి ఉంటే చేరాను, నలభై మంది దాకా ఉంటారు, ఒకరు క్రోషా అల్లుతారు, ఒకరు పద్యాలు రాస్తారు, ఒకాయనైతే బాల్కనీలో గోంగూర పెంచి రోజూ దాని ఫోటో పెడతాడు. మూడు రోజులు నోరు మెదపలేదు. నాలుగోరోజు ధైర్యం చేసి "నాకు ముగ్గులంటే చాలా ఇష్టం" అని పెట్టాను. ఇద్దరు బొటనవేలు చూపించారు, అంతే.

ఇష్టం అని చెబితే అవతలివాళ్లు ఏమంటారు మరి? "ఓహో" అంటారు. మీరు ఎక్కడ ఇరుక్కున్నారో చెప్పండి. తర్వాతి వారం నేను సగంలో ఆగిన ముగ్గు ఫోటో పెట్టి, "మధ్య వరసలో 7 చుక్కలు, అటూ ఇటూ 5, 3, 1. గీత ఎటు తిప్పినా ఈ మూల చుక్క బయటే మిగిలిపోతోంది" అని రాశాను. ఆ రాత్రి ఒకరు పెన్సిల్‌తో గీసి పంపారు, ఒకరు ఊళ్లో ఉన్న వాళ్లమ్మకి ఫోన్ చేసి మరీ అడిగారు, గోంగూర ఆయన కూడా ఏదో అన్నాడు (తప్పే అన్నాడు, కానీ అన్నాడు). పూర్తయిన ముగ్గుకి చప్పట్లే వస్తాయి. సగం ముగ్గయితే చూసినవాళ్లకి చెయ్యి పెట్టాలనిపిస్తుంది. కథ రాస్తున్నా, పాటకి బాణీ కడుతున్నా, కేకు పొంగకపోయినా ఇదే పద్ధతి.

ఫోటో సంగతి త్వరగా చెప్పేస్తాను. ట్యూబులైటు కింద తీస్తే మీ తల నీడే పడుతుంది, పొద్దున కిటికీ పక్కన పెట్టి పైనుంచి తీయండి. గీతలు సన్నగా ఉంటే పంపేటప్పుడు హెచ్‌డీ నొక్కండి. డాక్యుమెంటుగా మాత్రం పంపకండి, అలా పంపితే ఫోటో ఎక్కడ తీశారో ఆ లొకేషన్ వివరం కూడా ఫైల్లోనే వెళ్లిపోవచ్చు. వెనకాల ఆఫీసు ఐడీ కార్డు, కొరియర్ కవరు మీద అడ్రసు లాంటివి ఉన్నాయేమో కూడా ఒకసారి చూసుకోండి.

ఇక మనసులో మాట. ఇదే కష్టం. మనందరం "feeling low" అని టైపు చేసేసి ఊరుకుంటాం, దానికి "ఏమైంది?" అని ఒకరు అడగడం, "ఏం లేదులే" అని మనం అనడం. మన భాషలో దీనికి ఎన్ని మాటలున్నాయో చూడండి. బెంగ ఎవరి మీదో ఒకరి మీద ఉంటుంది, అమ్మమ్మ ఊరెళ్లిపోతే పిల్లలు పెట్టుకునేది అదే. దిగులుకి మనిషితో పనిలేదు, ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఊరికే వచ్చి కూర్చుంటుంది. గుబులు జరగబోయేదాని గురించి, అప్రైజల్ మీటింగు ముందు రోజు రాత్రి లాగా. మాట పడి, తిరిగి ఏమీ అనలేక లోపల ఉడికిపోతామే, అది ఉక్రోషం. ఓసారి సిల్క్ బోర్డు దగ్గర బస్సులో గంటసేపు నిలబడి "ఈ ట్రాఫిక్‌తో చచ్చే చిరాకు" అని టైపు చేస్తూ ఆగాను. ట్రాఫిక్ రోజూ ఉండేదే కదా. పొద్దుటినుంచి నాన్న ఫోన్ ఎత్తలేదు, అసలు సంగతి ఆ గుబులు. అదే రాశాను. "మా నాన్న కూడా అంతే, ఫోను చార్జింగులో పెట్టి పొలానికి వెళ్లిపోతాడు" అని వచ్చిన జవాబుతో సగం టెన్షన్ పోయింది.

మాట ఎంచుకున్నాక, మీకేం కావాలో మొదటి లైనులోనే చెప్పేయండి, "సలహాలు వద్దు, వింటే చాలు" అనో, "ఎవరైనా దారి చెప్పండి" అనో. లేకపోతే మనవాళ్లు ఊరుకోరు, దిగులుగా ఉందంటే కషాయం దగ్గర మొదలుపెట్టి పెళ్లిసంబంధం దాకా వెళ్తారు. తెలుగులో టైపు చేయడం రాదంటారా, జీబోర్డులో ఇంగ్లిష్ అక్షరాలు కొట్టినా తెలుగు పడుతుంది, నోటితో చెప్పినా పడుతుంది, పంపేముందు ఒక్కసారి చదువుకోండి చాలు. ఐదు నిమిషాల వాయిస్ నోట్లు మాత్రం వద్దు, క్యాబులో పక్కన కొలీగ్ ఉంటే ఎవరూ వినలేరు.

కోపంలో ఉన్నప్పుడు రాసింది ముందు మీకు మీరే పంపుకోండి, వాట్సాప్‌లో సొంత నంబరుకే మెసేజ్ పెట్టుకోవచ్చు. పొద్దున్నే చదివి, అప్పటికీ పంపాలనిపిస్తే పంపండి. గ్రూపులో పెట్టాక దిద్దుకోవడానికి ఉండేది 15 నిమిషాలే. మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యేలా పెట్టుకున్నా స్క్రీన్‌షాట్ తీసేవాళ్లు తీస్తారు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పాత ఇంటి ఓనరు అడ్వాన్సు తిరిగివ్వకుండా తిప్పుతున్నాడని నేను పేరుతో సహా వాయించేశాను. గ్రూపులో ఒకావిడ అదే బిల్డింగులో రెండో అంతస్తు.

మీరు ఒకటి పెడితే మూడింటికి జవాబివ్వండి. "సూపర్" అనేది జవాబు కాదు. "అంచు దగ్గర దారం రంగు ఎందుకు మార్చారు?" అని అడిగితే క్రోషా ఆవిడ అరగంట మాట్లాడుతుంది. గ్రూపు బాగా చప్పబడితే ఊళ్లో జరిగేదాన్ని పట్టుకోండి. జనవరిలో కుమారకృప రోడ్డు మీద చిత్రసంతె, అంటే బొమ్మల సంత ఉంటుంది, ఆగస్టు 15కి లాల్‌బాగ్‌లో పూల ప్రదర్శన, కార్తీకం చివరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషె, అంటే శనక్కాయల జాతర. పరిషెలో కొన్న శనక్కాయల పొట్లం ఫోటో ఒక్కటి పెడితే, పచ్చివా ఉడకబెట్టినవా వేయించినవా అని రెండు రోజులు గొడవపడ్డాం.

ఒక్క విషయంలో మాత్రం గ్రూపు చాలదు. రోజుల తరబడి నిద్ర లేకపోయినా, బతకాలని లేదనిపించినా నలభై మంది జవాబు కోసం చూస్తూ కూర్చోకండి. 14416కి చేయండి, అది మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన హెల్ప్‌లైన్ టెలి మానస్, రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. ఎవరైనా గ్రూపులో అలా రాస్తే కూడా ఎమోజీ పెట్టి వదిలేయకుండా విడిగా ఫోన్ చేసి ఈ నంబరు ఇవ్వండి.

అన్నీ చేసినా ఒక్కోసారి ఎవరూ పలకరు. నెలాఖరు, రిలీజులు, పిల్లల పరీక్షలు, ఏవో ఉంటాయి. సిగ్గుపడి డిలీట్ చేయకండి, రెండు రోజులాగి ఆ ముగ్గే ఇంకో రెండు మెలికలు తిప్పి మళ్లీ పెట్టండి. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే క్రోషా ఆవిడని విడిగా అడగండి, మెలికలు ఆవిడకీ వచ్చు.