లక్ష ల్యూమెన్ల టార్చిలైటు నాలుగు వందలకా? డబ్బు పెట్టొచ్చో లేదో ఇలా తేల్చుకోండి

ఆన్‌లైన్‌లో టాక్టికల్ టార్చ్ (పోలీసులు, సైనికులు వాడే రకమని చెప్పి అమ్మేది) అని కొట్టి చూడండి. మూడు వందల యాభై నుంచి పదిహేను వందల దాకా లెక్కలేనన్ని వస్తాయి. అన్నీ నల్లటివే, అన్నిటికీ మూతి దగ్గర పళ్లు పళ్లుగా కోసిన అంచు, వెనక ఫొటోలో అడవో సైనికుడో, పక్కన పెద్దక్షరాల్లో లక్ష ల్యూమెన్లు (మొత్తం వెలుగుకు కొలత ఇది), రెండు కిలోమీటర్ల ఫోకస్. రివ్యూలు చూద్దామా అంటే సగం మంది పార్సిల్ విప్పిన రోజే సూపర్ అని రాసేసినవాళ్లు, మిగతావాళ్లు నెల తర్వాత వచ్చి తిట్టినవాళ్లు. అలాగని అన్నీ చెత్తే అనడానికి లేదు, వెయ్యి లోపు టార్చి పట్టుకుని ఏళ్ల తరబడి చేలో తిరుగుతున్నవాళ్లు నాకు తెలుసు. ఏది నిలబడుతుందో తేల్చుకోవడానికి కాస్త లెక్క, ఒక తూకం, ఒక చీకటి గది ఉంటే చాలు. అదీ రిటర్న్ గడువు దాటకముందే.

ముందు లెక్క. ఇంట్లో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఉంటుంది కదా, దాని డబ్బా మీద దాదాపు 900 ల్యూమెన్లని రాసి ఉంటుంది. అంటే వాటుకు వంద చొప్పున వేసుకోండి. ఇప్పుడు ఈ టార్చిల్లో ఎక్కువగా వచ్చేది 18650 అనే లిథియం సెల్లు. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు, పేరు అక్కణ్నుంచే వచ్చింది. ఆ సైజులో మంచి కంపెనీ సెల్లు కూడా మామూలుగా 3500 ఎంఏహెచ్ (సెల్లు ఎంత చార్జ్ పట్టుకుంటుందో చెప్పే కొలత) దగ్గర ఆగిపోతుంది. 3.6 వోల్టులతో గుణిస్తే సుమారు 12.6 వాట్-అవర్లు, అంటే ఆ 9 వాట్ల బల్బును గంటా ఇరవై నిమిషాలు వెలిగించేంత కరెంటు. ఆ సెల్లులో ఉన్నది మొత్తం అంతే! లక్ష ల్యూమెన్లు నిజంగా రావాలంటే వెయ్యి వాట్లు కావాలి, మామూలు ఇస్త్రీ పెట్టె లాగేది అంత. ఆ లెక్కన సెల్లు ముప్పావు నిమిషంలో ఖాళీ, ఈలోగా మీ అరచెయ్యి కాలుతుంది. అందుకని పదివేలు దాటిన అంకె కనబడిందంటే మిగతా వివరాలు కూడా అలాగే రాశారనుకుని ముందుకు పొండి.

ఒక్క సెల్లుతో నడిచే చవక టార్చి వెలిగించగానే 500 నుంచి వెయ్యి దాకా ఇచ్చి, కాసేపటికి మూడు నాలుగు వందలకు దిగిందంటే అది బాగా పని చేస్తున్నట్టే. దిగడం తప్పు కాదు. అరచేతిలో పట్టే లోహపు గొట్టం అంత వేడిని ఎక్కడికి పంపుతుంది మరి, పెద్ద కంపెనీలవి కూడా కావాలనే దించుతాయి. తప్పల్లా ఎంతకు దిగుతుందో చెప్పకపోవడంలో ఉంది. టార్చిల కొలతలకు ఎఫ్‌ఎల్1 అని ఒక ప్రమాణం ఉంది. దాని ప్రకారం వెలుగును ఆన్ చేసిన 30 సెకన్ల నుంచి 2 నిమిషాల లోపు కొలవాలి, ఎన్ని గంటలు వెలుగుతుందన్నది మొదటి వెలుగులో పదో వంతుకు పడిపోయేదాకా లెక్కపెట్టాలి. ఈ రెండో ముక్క గుర్తుపెట్టుకోండి. 800 ల్యూమెన్లు, 5 గంటలు అని నిజాయితీగా రాసిన కంపెనీ కూడా ఐదు గంటలూ 800 అని చెప్పడం లేదు, చివరి గంటలో 100 ఇస్తున్నా ఆ మాట నిజమే అవుతుంది.

దూరం సంగతీ అంతే. మా ఊళ్లో టార్చి అనగానే ముందడిగే మాట "ఎంత దూరం పడుద్ది?" అని. ప్రమాణం ప్రకారం, వెలుగు 0.25 లక్స్‌కు (ఒక చోట ఎంత వెలుగు పడుతుందో చెప్పే కొలత) పడిపోయేంత దూరాన్ని రాస్తారు, అంటే దాదాపు పున్నమి వెన్నెలంత. వెన్నెల్లో అక్కడ ఏదో ఉందని తెలుస్తుంది గానీ అది కుక్కో పందో తెలియదు. కాబట్టి డబ్బా మీద 200 మీటర్లని ఉంటే కంటికి ఆనేది 70 నుంచి 100 మీటర్లు అనుకోండి. క్యాండెలా, అంటే ఒక దిక్కుకు వెలుగు ఎంత తీవ్రంగా పోతుందన్న అంకె ఇచ్చి ఉంటే ఇంకా మంచిది, దాని వర్గమూలాన్ని రెండుతో గుణిస్తే దూరం వస్తుంది. పదివేల క్యాండెలాకు 200 మీటర్లు. రెండు కిలోమీటర్లు పడాలంటే పది లక్షల క్యాండెలా కావాలి, దానికి పెద్ద అద్దం ఉన్న తలకాయ ఉండాలి, జేబులో పట్టే సరుకు కాదు.

ఇక అసలు మోసం జరిగేది సెల్లులో, కాబట్టి దీనిమీద కాస్త ఎక్కువసేపు ఉందాం. పేరున్న కంపెనీ 3000 ఎంఏహెచ్ సెల్లు విడిగా కొంటే మూడు నాలుగు వందలు అవుతుంది. అలాంటిది నాలుగు వందలకు టార్చి, సెల్లు, చార్జర్, ప్లాస్టిక్ పెట్టె అన్నీ ఇస్తున్నాడంటే ఎక్కడో తగ్గించాలిగా, తగ్గించేది అక్కడే. లేబుల్ మీద 6800, 9800 ఎంఏహెచ్ అని ఉన్న 18650 సెల్లు ఈ భూమ్మీద లేదు. పార్సిల్ రాగానే వెనక మూత తిప్పి సెల్లు బయటికి తియ్యండి, తూకం వెయ్యండి. వంటింటి డిజిటల్ తూకం ఉంటే సరే, లేకపోతే తెలిసిన బంగారం కొట్టువాణ్ని అడిగితే పెట్టి చూపిస్తాడు. అసలైన 3000 పైబడిన సెల్లు 45 నుంచి 48 గ్రాములు తూగుతుంది. నలభై దగ్గర ఉంటే తక్కువ సామర్థ్యం, రెండు వేల చిల్లర అనుకుని సర్దుకోవచ్చు. ముప్పై, ఇరవై ఐదు తూగిందా, లోపల సన్నటి సెల్లు పెట్టి పైన గొట్టం తొడిగారన్నమాట, కొన్నిట్లో ఖాళీ నింపడానికి పొడి కూడా పోస్తారు. ఇంకేం చూడక్కర్లేదు, తిరిగి పంపండి.

మన దేశంలో అమ్మే లిథియం సెల్లుకు బీఐఎస్ (సరుకుల ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఐఎస్ 16046 అని, దాంతోపాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు సెల్లు మీదో డబ్బా మీదో ఉండాలి. డబ్బా మీద ఎంఆర్‌పీ, దిగుమతిదారు పేరు, చిరునామా, కస్టమర్ కేర్ నంబరు కూడా చట్టప్రకారం ఉండాల్సినవే. ఇవేవీ లేని అట్టపెట్టెలో వచ్చిన టార్చికి "ఒక సంవత్సరం వారంటీ" అని రాసి ఉంటే ఎవర్ని పోయి అడుగుతారు? సెల్లు బయటికి రాకుండా లోపలే అతికించేసిన మోడళ్లు నేనైతే కొనను, సెల్లు చచ్చిన రోజున టార్చి కూడా చచ్చినట్టే. మూడు చిన్న పెన్సిల్ సెల్లులు ప్లాస్టిక్ గూట్లో పెట్టి తోసే రకం ఇంకా కొన్ని వస్తున్నాయి, రోజూ వాడేవాళ్లకు వాటి సెల్లుల ఖర్చు టార్చి ఖరీదును మింగేస్తుంది.

టాక్టికల్ అనే మాటకు అసలు అర్థం వెలుగు ఎక్కువని కాదు. అమెరికాలో పోలీసుల చేతుల్లో పేరు తెచ్చుకున్న ష్యూర్‌ఫైర్ 6పీ టార్చి ఇచ్చింది 65 ల్యూమెన్లే, అదీ గంటసేపు. దాని గొప్పంతా స్విచ్‌లో ఉంది, వెనక బొటనవేలితో నొక్కగానే ఒక్కటే వెలుగు, వదిలితే చీకటి. మీ చేతిలోని చవక టార్చిని కూడా దీంతోనే పరీక్షించండి. స్విచ్‌ను సగం నొక్కి పట్టుకుంటే వెలిగి, వదలగానే ఆరిపోవాలి, పూర్తిగా నొక్కితే టక్కుమని నిలవాలి. చవకవాటిలో చాలావరకు ఉల్టా, నొక్కి వదిలితేనే వెలుగుతాయి, పైగా ఆర్పి వెలిగించిన ప్రతిసారీ మోడ్ మారుతుంది. హై, మీడియం, లో, ఆ తర్వాత కళ్లు చెదిరేలా టపటపా కొట్టే స్ట్రోబ్, దాని తర్వాత ఎస్ఓఎస్, అంటే ఆపదలో సాయం కోరే సంకేతం. అర్ధరాత్రి బాత్రూమ్‌కు లేచినవాడికి ఎస్ఓఎస్ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. స్ట్రోబ్ కొడితే దొంగ కళ్లు తిరిగి పడిపోతాడని అమ్మేవాళ్లు రాసేది నమ్మి దాని కోసం డబ్బు పెట్టకండి.

ఇప్పుడు చీకటి గది పరీక్ష. సెల్లు నిండా చార్జ్ చేసి, తెల్ల సీలింగ్ ఉన్న గదిలో తలుపులు వేసి లైట్లన్నీ ఆర్పండి. టార్చిని స్టీలు గ్లాసులో నిలబెట్టి మొహం పైకి పెట్టండి. రెండు మూడు అడుగుల అవతల ఆండ్రాయిడ్ ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ తెరిచి నేల మీద బోర్లించకుండా పెట్టండి, కదిలించొద్దు. ఆన్ చేసిన అరనిమిషానికి ఒక అంకె రాసుకోండి, తర్వాత ఐదేసి నిమిషాలకు ఒకటి, అరగంట దాటాక పావుగంటకొకటి. ఆ అంకె ఎంతన్నది కాదు చూడాల్సింది, మొదటిదాంట్లో ఎంత వంతు మిగిలిందన్నది. లోపల సర్క్యూట్ సరిగ్గా ఉన్న టార్చి మొదటి కొన్ని నిమిషాల్లో ఒక మెట్టు దిగి అక్కడే గంటకు పైగా కదలకుండా నిలబడుతుంది. తక్కువరకం మొదటి నిమిషం నుంచే జారుతూ పోతుంది, జారడం ఆగదు, కళ్లు అలవాటు పడిపోతాయి కాబట్టి చేలో ఉన్నవాడికి తెలియదు కూడా, తెలిసేసరికి మసక. అరగంట తర్వాత సగం వెలుగు ఉంటే ఆ ధరకు మంచిదే. పది నిమిషాలకే మూడో వంతు కంటే తగ్గితే నా దృష్టిలో అది టార్చి కాదు. పరీక్ష జరుగుతున్నంతసేపూ గదిలోనే ఉండండి, మధ్యమధ్య ముట్టుకుని చూడండి, చెయ్యి పెట్టలేనంత కాలితే ఆర్పేయండి. అసలు ఎంతసేపు ఉన్నా వేడే ఎక్కకపోతే అదీ అనుమానమే, లోపల ఎల్‌ఈడీ అతి తక్కువ కరెంటుతో నడుస్తోందనో, దాని వేడి గొట్టానికి అందడం లేదనో అర్థం.

తర్వాత అదే టార్చిని బయటికి తీసుకెళ్లి వెలుగు ఆకారం చూడండి. చవకవాటిలో జూమ్ రకమే ఎక్కువ, మూతి ముందుకు లాగితే వెలుగు దగ్గరికి ముడుచుకుంటుంది. గోడ మీద కొడితే నలుచదరంగా ఒక డబ్బా బొమ్మ పడుతుంది, అది ఎల్‌ఈడీ చిప్పు ప్రతిబింబమే, చుట్టూ అంతా చీకటి. కొంత వెలుగు మూతి లోపలే పోతుంది. మొక్కజొన్న చేనుకు అడవి పందులు రాకుండా మంచె మీద కాపలా ఉండేవాడికి ఆ ముడుచుకున్న వెలుగు కావాలి, ఎందుకంటే చూడాల్సింది దూరం. రాత్రిపూట మోటారు వెయ్యడానికి గట్టు మీద నడిచేవాడికి అది పనికిరాదు. ఆయనకు కావాల్సింది పాదాల చుట్టూ రెండు మూడు మీటర్ల మేర పరుచుకునే వెలుగు, ఎండుటాకుల్లో ఆకుల్లాగే కలిసిపోయి పడుకున్న రక్తపింజర, నల్లటి ఒంటి మీద తెల్ల కట్లున్న కట్లపాము కనబడాలి. దానికి 150 ల్యూమెన్లు చాలు, కాకపోతే నీలం తిరిగిన తెలుపు కాకుండా కొంచెం పసుపు కలిసిన తెలుపు అయితే మేలు, 5000 కెల్విన్ ప్రాంతం (వెలుగు రంగుకు కొలత ఇది, అంకె పెరిగేకొద్దీ నీలం ఎక్కువ). 6500 దాటిన నీలపు తెలుపులో మట్టి, ఆకు, పాము అన్నీ ఒకే బూడిద రంగులో కనబడతాయి. పొగమంచులో అయితే ఇంకా అన్యాయం, వెలుగంతా తిరిగి మన కళ్లలోనే పడుతుంది. అందుకే ఎన్ని ల్యూమెన్లు అని అడిగే ముందు ఎక్కడికి వెళ్తారు అని అడగాలి.

ఒంటి గట్టిదనం త్వరగానే తేలిపోతుంది. వెనక మూత తిప్పితే ఇసుక పడినట్టు గరగరలాడకూడదు, మూత బిగించే మరల మొదట్లో నల్ల రబ్బరు రింగు ఉండాలి, అదే నీళ్లను ఆపేది. మరలకు కాస్త గ్రీజు వేసి తిప్పితే చాలాకాలం వస్తుంది. ఐపీఎక్స్4 అని ఉంటే చినుకులకు ఆగుతుంది అంతే. ఐపీఎక్స్7 అని రాస్తే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా ఏమీ కాకూడదు, అలా రాసినవాణ్ని నమ్మాలనుకుంటే సెల్లు తీసేసి, లోపల టిష్యూ కాగితం పెట్టి, చార్జింగ్ మూత బిగించి బకెట్లో ముంచండి. కాగితం తడిస్తే సంగతి తెలిసిపోతుంది. ఫోన్ కెమెరా ముందు లో మోడ్‌లో వెలిగించి చూడండి, తెర మీద నల్ల చారలు పరుగెడుతుంటే వెలుగును ఆర్పుతూ వెలిగిస్తూ తగ్గిస్తున్నారని అర్థం, కొందరికి తలనొప్పి, చాలామందికి పట్టదు.

టైప్-సి పోర్ట్ ఉందని సంబరపడకండి. చవకవాటిలో ఖర్చు తగ్గించడానికి చిన్న రెసిస్టర్ పెట్టకుండా వదిలేస్తారు, దాంతో కొత్త రకం సి-టు-సి కేబుల్ పెడితే అసలు చార్జే ఎక్కదు, పాత వెడల్పు యూఎస్‌బీ ఉన్న కేబుల్‌తోనే ఎక్కుతుంది. పాడైపోయిందనుకుని వెనక్కి పంపేముందు అది చూసుకోండి. మల్టీమీటర్ ఉంటే చార్జ్ పూర్తయ్యాక సెల్లు కొలవండి, 4.2 వోల్టులు చూపాలి. 4.3 దాటితే ఆ చార్జర్ మళ్లీ వాడొద్దు. పరుపు మీద, దిండు పక్కన పెట్టి రాత్రంతా చార్జింగ్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

ఇక డబ్బు సంగతి. నాలుగు వందల లోపు అయితే టాక్టికల్ అని రాసినవాటిని వదిలేసి కిరాణా కొట్లో దొరికే మామూలు కంపెనీ టార్చి తీసుకోండి, చెప్పినంత చేస్తుంది. ఆరు వందల నుంచి వెయ్యి మధ్యలో, సెల్లు తూకం సరిపోయి, అరగంట పరీక్షలో నిలబడితే ఉంచుకోండి, సెల్లు ఒక్కటే బాగోక మిగతాదంతా బాగుంటే ఆ సెల్లు పారేసి మంచిది వేసినా గిట్టుబాటే. రెండు వేలకు అటూ ఇటూ పెట్టగలిగితే కాన్వాయ్, సోఫిర్న్, వర్కోస్ లాంటి చైనా కంపెనీలవి చూడండి, అవీ చవకరకమే గానీ ఏ ఎల్‌ఈడీ వాడారో, ఎంతసేపటికి ఎంతకు దిగుతుందో రాసి ఇస్తాయి, కాకపోతే బయటి నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం కలిపి లెక్కేసుకోవాలి. స్పేర్ సెల్లు కొంటే దానికి ఇరవై రూపాయల ప్లాస్టిక్ డబ్బా కూడా కొనండి, జేబులో తాళాలతో, చిల్లరతో కలిపి వేస్తే రెండు కొసలూ తగులుకుని నిప్పు పుడుతుంది.