థ్రాటిల్ బాడీ ఇంట్లో మార్చుకోవాలంటే: బోల్టుల కంటే ముందూ వెనకా ఉన్న పనే ఎక్కువ

పోయిన వేసవిలో మామయ్యను ఎయిర్‌పోర్టులో దింపడానికి వెళ్తుంటే, సరిగ్గా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మధ్యలో బండికి పికప్ పోయింది. యాక్సిలరేటర్ నేలకు ఆనేదాకా తొక్కినా స్పీడు నలభై దాటడం లేదు, ఇంజిన్ మాత్రం ఆగలేదు, మీటర్లో చెక్ ఇంజిన్ లైటు వెలిగి కూర్చుంది. మామయ్య పెట్రోల్ కల్తీ అన్నారు. కాదు, థ్రాటిల్ బాడీ, అంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే భాగం.

పాత బండ్లలో యాక్సిలరేటర్ నుంచి కేబుల్ వెళ్లి థ్రాటిల్‌ను లాగేది. ఇప్పటి పెట్రోల్ కార్లలో చాలావాటికి ఆ కేబుల్ లేదు. మనం తొక్కేది ఒక సెన్సర్‌ను, దాన్ని చదివి ఇంజిన్ కంప్యూటర్ ఒక చిన్న మోటారుతో గాలి మూత తిప్పుతుంది, మూత ఎంత తెరుచుకుందో చెప్పడానికి లోపల ఇంకో రెండు సెన్సర్లు ఉంటాయి. ఆ రెండూ చెప్పే లెక్క కలవకపోతే కంప్యూటర్ మోటారుకు కరెంటు ఆపేస్తుంది, అప్పుడు స్ప్రింగు మూతను కొద్దిగా తెరిచి పట్టుకుంటుంది, ఆ కాస్త గాలితో ఇంటికి పాక్కుంటూ రావచ్చు. దీన్నే లింప్ మోడ్ అంటారు. కాబట్టి బండి అలా కుంటడం అంటే ప్రమాదం రాకుండా అది చేయాల్సిన పని చేస్తున్నట్టే.

వెంటనే కొత్తది కొనేయకండి. ముందు స్కానర్ పెట్టండి, స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది, బ్లూటూత్‌తో ఫోనుకు కలిసే చిన్న అడాప్టర్ చాలు. పీ2135 అనే కోడ్ వస్తే సెన్సర్లు ఒకదానితో ఒకటి కలవడం లేదని, పీ2111 అయితే మూత తెరుచుకుని ఇరుక్కుందని, పీ2112 అయితే మూసుకుని ఇరుక్కుందని. పీ2138 వచ్చిందా, అది పెడల్ గొడవ, థ్రాటిల్ బాడీ మార్చి ఉపయోగం లేదు. కోడ్ కూడా ఏ సర్క్యూట్లో తేడా ఉందో చెబుతుంది గానీ ఏ పార్టు పోయిందో చెప్పదు, ఈ తేడా తెలియకే చాలామంది డబ్బులు పోగొట్టుకుంటారు.

తర్వాత థ్రాటిల్ బాడీకి వైర్లు కలిసే కప్లర్ ఊడదీసి పిన్నులు చూడండి. మామూలుగా ఆరు ఉంటాయి: రెండు మోటారుకు, ఒకటి 5 వోల్టులు, ఒకటి ఎర్తు, మిగతా రెండు సిగ్నల్స్. పచ్చగా చిలుము పట్టినా, ఒక పిన్ను వెనక్కి జారినా అదే దొంగ. మల్టీమీటర్ ఉంటే ఇగ్నిషన్ ఆన్ చేసి ఆ 5 వోల్టులు వస్తున్నాయో లేదో చూడండి, రాకపోతే తప్పు వైరింగ్‌లోనో కంప్యూటర్‌లోనో ఉంది.

మూత అంచున నల్లటి జిగురు పేరుకుంటే ముందు క్లీన్ చేసి చూడటమే మంచిది. థ్రాటిల్ బాడీ క్లీనరే వాడండి, ఘాటైన కార్బురేటర్ క్లీనర్ కొడితే లోపలి కోటింగ్ పోవచ్చు. నేరుగా కొట్టకుండా గుడ్డ మీద కొట్టి తుడవండి, బ్యాటరీ మైనస్ తీసిన తర్వాతే. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా వేలు మాత్రం లోపల పెట్టొద్దు, ఆ మోటారుకు వేలు నలగ్గొట్టేంత బలం ఉంది. నా బండి క్లీన్ చేశాక మూడు నెలలు బాగానే తిరిగింది, తర్వాత మళ్లీ అదే కోడ్, అప్పుడు మార్చాను.

కొనేటప్పుడు పాతదాని మీది పార్ట్ నంబర్ ఫోటో తీసుకుని వెళ్లండి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో "అచ్చం ఇలాంటిదే" అని వేరేది చేతిలో పెడతారు, బోల్టు రంధ్రాలు సరిపోయినా సెన్సర్ లెక్క వేరుగా ఉంటే ఉపయోగం లేదు. మధ్యలో గాలి కారకుండా పెట్టే గ్యాస్కెట్ కూడా కొత్తదే కొనండి. వారంటీ ఉన్న బండైతే అసలు చెయ్యి పెట్టకండి.

విప్పడం అరగంట పని. ఇంజిన్ చల్లారనివ్వాలి, ఎందుకంటే కొన్ని బండ్లలో థ్రాటిల్ బాడీకి రెండు సన్నటి కూలెంట్ పైపులు కూడా ఉంటాయి. బ్యాటరీ మైనస్ తీసి, ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చే లావు హోస్ క్లిప్పు వదులు చేసి పక్కకు జరిపి, కప్లర్ లాక్ నొక్కి ఊడదీయండి (వైర్లు పట్టి లాగితే ఇంకో ఖర్చు), తర్వాత నాలుగు బోల్టులు. తీయగానే మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి తీసుకెళ్లే గొట్టం) నోట్లో శుభ్రమైన గుడ్డ పెట్టండి, నట్టు లోపల పడిందంటే ఇంజినే విప్పాలి. బిగించే ముందు ఆ గుడ్డ తీయడం మర్చిపోవద్దు.

కొత్తది బిగించేటప్పుడు బోల్టులన్నీ ముందు చేత్తో తిప్పి, ఆ తర్వాత ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి. చాలా బండ్లకు బిగింపు 8 నుంచి 10 న్యూటన్ మీటర్లే, మీ బండి లెక్క సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. చాలావాటిలో మానిఫోల్డ్ ప్లాస్టిక్‌ది, బలం చూపిస్తే మర పోతుంది. గ్యాస్కెట్‌కు సిలికాన్ పూయకండి, ఆ ముక్కలు ఊడి లోపలికి పోతాయి. కూలెంట్ పైపులు తీసి ఉంటే కారిన కూలెంట్ మళ్లీ పోయండి.

ఇక అందరూ వదిలేసేది, లెర్నింగ్. కొత్త మూత పూర్తిగా మూసుకునేది ఎక్కడో కంప్యూటర్‌కు తెలియాలి కదా. చాలా బండ్లలో ఏసీ, లైట్లు ఆపేసి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా ఇగ్నిషన్ ఆన్‌లో అర నిమిషం ఉంచి, ఆఫ్ చేసి కాసేపాగి, స్టార్ట్ చేసి ఫ్యాన్ తిరిగేదాకా ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) వదిలితే సరిపోతుంది. కొన్నింటికి పెడల్‌ను లెక్క ప్రకారం తొక్కాలి, కొన్నింటికి స్కానర్‌తోనే అవుతుంది, మాన్యువల్ చూడకుండా ఊహించొద్దు. నాకు మొదట ఐడిల్ 1500 ఆర్పీఎం దగ్గరే నిలబడిపోయింది. నేను లెర్నింగ్ కాలేదేమోనని తల పట్టుకుంటే, బావమరిది వంగి చెవి పెట్టి "బావా, ఇక్కడ ఉస్సుమంటోంది" అన్నాడు. హోస్ క్లిప్పు బిగించలేదు నేను. అది బిగించాక 750కి దిగింది.

కోడ్ చెరిపేసి, మొదట కాలనీలో ఖాళీ రోడ్డు మీదే నడపండి, పెడల్ వదలగానే ఆర్పీఎం దిగుతోందో లేదో చూడండి. అది తేలేవరకు హైవే ఎక్కొద్దు.

పాతదాని పక్క కవర్ విప్పి చూశాను. లోపల పెద్ద ప్లాస్టిక్ గేరుకు ఒక చోట రెండు పళ్ళు నున్నగా అరిగిపోయి ఉన్నాయి, గాలి మూతను వేలితో తిప్పితే సరిగ్గా అక్కడికి రాగానే టక్కుమని జారుతోంది.