గుల్‌మార్గ్‌లో బీకన్ అద్దెకు తీసుకునే ముందు

గొండోలా (కేబుల్ కారు) రెండో ఫేజ్ ఎక్కి, అఫర్వాత్ కొండ మీద ట్రాక్ దాటి స్కీయింగ్ చేసేవాళ్లకు మంచుచరియలు కూలితే కూరుకుపోయినవాళ్లను వెతకడానికి బీకన్ (సిగ్నల్ పంపే, ఇతరుల సిగ్నల్‌ను పట్టే చిన్న పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి చూసే పొడవాటి కడ్డీ), పార మూడూ ఉండాలి. ఒకటి లేకపోయినా మిగతా రెండూ దండగే. బీకన్ మూడు యాంటెన్నాల డిజిటల్‌దే అడగండి. చేతికివ్వగానే బ్యాటరీ మూత తీసి చూడండి. లోపల పచ్చటి చిలుము కనిపిస్తే వేరేది ఇమ్మనండి, మొహమాటపడొద్దు. కొత్త ఆల్కలైన్ సెల్స్ మీరే వేసుకోండి, రీచార్జబుల్‌వి వద్దు. ఫోన్ బీకన్‌కు కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, వెతికేటప్పుడైతే 50. ప్రోబ్ 240 సెంటీమీటర్లకు తగ్గకూడదు. కూలి ఆగిన మంచు సిమెంటులా బిగుసుకుంటుంది, అందుకే ప్లాస్టిక్ పార పనికిరాదు. పైకెళ్లే ముందు కింద ఒక బీకన్‌ను సంచిలో పెట్టి, మంచులో పాతి, అందరూ ఒకసారి వెతకండి. మంచులో కూరుకుపోయినవాళ్లకు మొదటి 10, 15 నిమిషాలే కీలకం. రెస్క్యూ టీమ్ అంతలోపు రావడం కష్టం, తవ్వాల్సింది పక్కనున్నవాళ్లే.