సీరియల్లో దారి తప్పినవాణ్ణి తండ్రిగా మార్చాలంటే

భార్య "నెల తప్పింది" అనగానే తాగుబోతు సీసా పగలగొట్టి మంచివాడైపోయే సీన్ మాత్రం దయచేసి రాయకండి. మనిషి అంత తొందరగా మారడు.

మన విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోటు మీద పనిచేసే కుర్రాడినే తీసుకోండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం, చేతిలో డబ్బుండదు, పాత స్నేహితులు పిలుస్తూనే ఉంటారు, సరిగ్గా అప్పుడే భార్యకు ఐదో నెల పెట్టండి. ఎందుకంటే తొలి కాన్పులో సాధారణంగా 18, 20 వారాల మధ్య బిడ్డ కదలికలు తెలుస్తాయి, కానీ అవి ముందు తెలిసేది ఆమెకే, వాడికి కాదు. ఆ దూరమే మీ కథ. "మా నాన్నలాగే నేనూ కొడతానేమో" అన్న భయాన్ని వాడు భార్యతో చెప్పలేడు, వలలు బాగుచేసే ముసలాయన దగ్గర బయటపెట్టనివ్వండి.

ఒకసారి జారనివ్వండి కూడా. స్కానింగ్ రోజున రాడు, ఆమె ఒక్కర్తే ఆటో ఎక్కుతుంది. క్షమాపణ డైలాగులు రెండు పేజీలు వద్దు, తర్వాతి చెకప్‌కి ఆమెకన్నా ముందే వచ్చి ఓపీ లైన్లో నిలబడితే చాలు.

సీమంతం అందరూ తీసేదే. ప్రసవం రోజున మ్యూజిక్ తగ్గించండి, బిడ్డని అందుకునే ముందు వాడు చేతులు చొక్కాకి తుడుచుకోవడం చూపించండి, నాకైతే అదే పెద్ద సీన్.