పాత డెస్క్‌టాప్‌లో కొత్త ఓఎస్ – మూడో పాఠం: ఎక్కించే ముందు నడిపి చూద్దాం

కిందటి పాఠంలో క్యాబినెట్ మూత విప్పి దుమ్ము దులిపాం. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీలో, పాత మెషిన్లకు సరిపోయే డీడీఆర్3 రకం ర్యామ్ ఏమని అడిగి కొనాలో చూశాం. ఇప్పుడు మీ మెషిన్‌లో కనీసం 4 జీబీ ర్యామ్ ఉందనుకుని ముందుకు వెళ్తున్నాను. ఈసారి కూడా హార్డ్‌డిస్క్ జోలికి పోము. కొత్త ఓఎస్‌ను, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌ను, పెన్‌డ్రైవ్ మీదే నడిపించి, మన కంప్యూటర్‌లో ఏది పనిచేస్తుందో, ఏది మొరాయిస్తుందో చూస్తాం. దీన్నే లైవ్ సెషన్ అంటారు. చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా ఇన్‌స్టాల్ నొక్కేస్తారు. ప్రింటర్ పలకడం లేదని ఆ తర్వాత తెలిస్తే, అప్పటికి పాత విండోస్ ఉండదు.

విండోస్ 11 ఎందుకు వద్దంటున్నారని ఇద్దరు ముగ్గురు అడిగారు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కేమో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ఇంటెల్‌లో అయితే దాదాపు ఎనిమిదో తరం నుంచి ఉన్న ప్రాసెసర్లనే అది ఒప్పుకుంటుంది. ఈ తనిఖీని తప్పించి ఎక్కించే దారులు ఉన్నాయి. కానీ అలా ఎక్కించిన మెషిన్‌కు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. ఇంటెల్ పాత ప్రాసెసర్ కోర్ 2 డుయో ఉన్నవాళ్లకు ఆ దారి కూడా మూసుకుపోయింది. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రాసెసర్‌లో పాప్‌కౌంట్ అనే ఇన్‌స్ట్రక్షన్ తప్పనిసరి, అది కోర్ 2 డుయోలో లేదు. అందుకే ఈ పాఠాలకు లినక్స్ మింట్ 22 అనే ఉచిత ఓఎస్ తీసుకున్నాను. దానికి 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. మూడు రకాల్లో దొరుకుతుంది, పాత డెస్క్‌టాప్‌కు ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం తేలిక.

పెన్‌డ్రైవ్ తయారీ

8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. దాంట్లో ఉన్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి పెళ్లి ఫొటోలున్నది తీసుకోకండి. మింట్ వెబ్‌సైట్ నుంచి ఐఎస్‌ఓ ఫైల్ (ఓఎస్ మొత్తం ఒకే ఫైల్‌గా) దించుకోండి, దాదాపు 3 జీబీ ఉంటుంది. దించాక అది పూర్తిగా, చెడిపోకుండా వచ్చిందో లేదో సరిచూడాలి. మీ విండోస్‌లో సెవెన్ జిప్ అనే ప్రోగ్రాం ఉంటే ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ఎస్‌హెచ్‌ఏ256 ఎంచుకోండి. ఒక పొడవాటి అంకెల, అక్షరాల వరుస వస్తుంది. మింట్ సైట్‌లో ఇచ్చిన వరుసతో అది అక్షరం పొల్లుపోకుండా కలవాలి. కలవకపోతే మళ్లీ దించుకోవడమే. సగం దిగిన ఫైల్‌తో మొదలుపెడితే ఎక్కడో మధ్యలో అర్థంకాని ఎర్రర్ వస్తుంది, మీరేమో హార్డ్‌డిస్క్‌ను అనుమానిస్తూ కూర్చుంటారు.

ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ పేస్ట్ చేస్తే బూట్ అవ్వదు, అంటే కంప్యూటర్ దాన్నుంచి మొదలవదు. రూఫస్ అనే చిన్న ప్రోగ్రాంతో రాయాలి. మీది ఇంకా విండోస్ 7 అయితే కొత్త రూఫస్ తెరుచుకోదు, 3.22 వెర్షన్ వెతికి తీసుకోండి. రూఫస్‌లో ముఖ్యంగా చూడాల్సింది పైన కనిపించే డ్రైవ్ పేరు. బ్యాకప్ డిస్క్ లాంటివి ఏవైనా తగిలించి ఉంటే ముందే తీసేయండి, పొరపాటుకు చోటుండదు. మిగతావి అది చూపించినట్టే వదిలేసి స్టార్ట్ నొక్కండి. ఐఎస్‌ఓ మోడా, డీడీ మోడా అని అడిగితే ఐఎస్‌ఓ మోడ్ అనండి.

బూట్ చేయడం

కంప్యూటర్ ఆఫ్ చేసి, పెన్‌డ్రైవ్‌ను క్యాబినెట్ వెనక పోర్ట్‌లో పెట్టండి. ముందు పోర్ట్‌ల వైర్లు పాత క్యాబినెట్లలో వదులై ఉంటాయి. ఆన్ చేసిన వెంటనే బూట్ మెనూ కీ వరసగా కొడుతూ ఉండాలి. డెల్, లెనోవో, ఏసర్‌లలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎస్కేప్ లేదా ఎఫ్9. మన దగ్గర పాత డెస్క్‌టాప్‌లు ఎక్కువగా అసెంబుల్డ్‌వే కాబట్టి మదర్‌బోర్డ్ పేరు చూడండి: గిగాబైట్ అయితే ఎఫ్12, అసుస్ అయితే ఎఫ్8, ఎంఎస్‌ఐ అయితే ఎఫ్11. ఎన్నిసార్లు కొట్టినా నేరుగా విండోస్‌లోకే వెళ్తుంటే, కీబోర్డ్ యూఎస్‌బీదేమో చూడండి. కొన్ని పాత బోర్డ్‌లు విండోస్ మొదలయ్యేదాకా దాన్ని గుర్తుపట్టవు. గుండ్రటి పిన్ ఉన్న పీఎస్2 కీబోర్డ్ తగిలిస్తే పని అవుతుంది.

ఆన్ చేసినప్పుడల్లా ఎఫ్1 నొక్కమని అడిగి, తేదీ ఏళ్ల వెనక్కి పోతోందంటే మదర్‌బోర్డ్ మీది సీమాస్ బ్యాటరీ అయిపోయినట్టు. సీఆర్2032 అని అడిగితే ఇస్తారు, 3 వోల్టుల బిళ్ల. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. తేదీ తప్పుంటే బ్రౌజర్ ప్రతి సైట్‌నూ సురక్షితం కాదంటుంది. మీరు ఇంటర్నెట్ పనిచేయడం లేదనుకుంటారు.

బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే మింట్ మెనూ వస్తుంది. మొదటి వరుస మీద ఎంటర్ కొట్టండి. స్క్రీన్ నల్లగా ఉండిపోతే రీస్టార్ట్ చేసి కంపాటిబిలిటీ మోడ్ అన్న వరుస పట్టుకోండి, పాత గ్రాఫిక్స్ కార్డులకు అదే మందు.

ఇప్పుడు పరీక్షలు

డెస్క్‌టాప్ వచ్చింది. దాని మీద ఇన్‌స్టాల్ అన్న ఐకాన్ ఉంటుంది, దాన్ని ముట్టుకోకండి. హార్డ్‌డిస్క్‌లో ఉన్నవి పోతాయా అని మల్కాజిగిరి నుంచి ఒకావిడ అడిగారు. లైవ్ సెషన్ దానంతటది డిస్క్ మీద ఏమీ రాయదు. అయితే ఫైల్ మేనేజర్‌లో మీ పాత డ్రైవ్‌లు కనిపిస్తాయి, తెరిచి అందులో ఏదైనా డిలీట్ చేస్తే నిజంగానే పోతుంది. దీనికి ఇంకో ఉపయోగం కూడా ఉంది. విండోస్ లేవనని మొండికేసిన కంప్యూటర్‌లో ఇరుక్కున్న ఫొటోలను ఇలాగే బయటికి తీసుకోవచ్చు.

వేగం చూసి తీర్పు చెప్పకండి. పాత యూఎస్‌బీ 2.0 పోర్ట్ గరిష్ఠ వేగం సెకనుకు 480 మెగాబిట్లు, ఏది తెరిచినా ఆ సన్నని దారిలోంచే రావాలి. డిస్క్‌కు ఎక్కాక ఇంత నెమ్మదిగా ఉండదు.

ముందు ఇంటర్నెట్. కేబుల్ పెడితే దాదాపు ఎప్పుడూ పనిచేస్తుంది. టెన్షన్ పెట్టేవి యూఎస్‌బీ వైఫై డాంగిల్స్, కొన్నింటికి డ్రైవర్ విడిగా వేయాలి. అంతదాకా ఫోన్‌ను యూఎస్‌బీ వైర్‌తో తగిలించి టెథరింగ్ (ఫోన్ ఇంటర్నెట్‌ను కంప్యూటర్‌కు పంచడం) ఆన్ చేయండి, మింట్ దాన్ని కేబుల్ కనెక్షన్‌లాగే వాడుకుంటుంది. తర్వాత ఒక వీడియో పెట్టి శబ్దం వస్తోందో చూడండి. ఒక తెలుగు పేపర్ సైట్ తెరిచి వత్తులు, గుణింతాలు సరిగా కనిపిస్తున్నాయో చూడండి. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో తెలుగు లేఅవుట్ కలిపితే ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో వెంటనే టైప్ చేయొచ్చు. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే ఆర్‌టీఎస్ అలవాటున్నవాళ్లకు ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రాం కావాలి, దాన్ని మింట్ ఎక్కించాక చూద్దాం.

ఇక ప్రింటర్. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 నడుస్తుంది, కాకపోతే హెచ్‌పీ వాళ్ల ప్లగిన్ ఒకటి దించుకోవాలి. కెనాన్ ఎల్‌బీపీ 2900 లినక్స్‌లో చాలా తిప్పలు పెడుతుంది. జిరాక్స్ షాపుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను. అది తప్పనిసరైతే విండోస్‌ను పూర్తిగా తీసేయకండి.

అదే మాట సాఫ్ట్‌వేర్‌కూ వర్తిస్తుంది. మీది డీటీపీ పని అయి, పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కంపోజ్ చేస్తుంటే, లేదా ఛత్తాబజార్ షాపుల్లోలా ఉర్దూ కార్డులకు ఇన్‌పేజ్ వాడుతుంటే అవన్నీ విండోస్ కోసం చేసినవి. టాలీ కూడా అంతే. అలాంటివాళ్లకు రెండు ఓఎస్‌లూ పక్కపక్కన ఉంచుకోవడమే నా సలహా. ఇంట్లో బ్రౌజింగ్, పిల్లల చదువు, కరెంటు బిల్లు కట్టడం వరకే అయితే మింట్ ఒక్కటి చాలు.

చివరగా డిస్క్స్ అనే ప్రోగ్రాం తెరిచి, మీ హార్డ్‌డిస్క్ ఎంచుకుని స్మార్ట్ డేటా, అంటే డిస్క్ ఆరోగ్యం లెక్క, చూడండి. రీ-అలొకేటెడ్ సెక్టార్ల (చెడిపోయి పక్కన పెట్టిన భాగాల) సంఖ్య సున్నా ఉంటే సంతోషం. సున్నా కంటే ఎక్కువ ఉండి, అది రోజురోజుకూ పెరుగుతుంటే ఆ డిస్క్ మీద ఏ ఓఎస్ ఎక్కించినా దండగే. హార్డ్‌డిస్క్ బదులు వాడే, దానికంటే వేగమైన చిన్న సాటా ఎస్‌ఎస్‌డీ కొనండి. డిస్క్ బాగున్నా నేను ఎస్‌ఎస్‌డీకే ఓటేస్తాను, పాత మెషిన్‌కు ర్యామ్ కంటే అదే ఎక్కువ ఊపిరి పోస్తుంది.

లైవ్ నుంచి విండోస్‌కు తిరిగి వెళ్లాక గడియారం ఒక్కోసారి అయిదున్నర గంటలు వెనక చూపిస్తుంది. కంగారు పడకండి. లినక్స్ మదర్‌బోర్డ్ గడియారంలో గ్రీనిచ్ టైమ్ రాస్తుంది, విండోస్ దాన్ని మన టైమ్ అనుకుంటుంది. విండోస్‌లో సరిచేసుకుంటే చాలు.

వచ్చే పాఠానికి

డిస్క్‌ను పంచేది, ఎక్కించేది నాలుగో పాఠంలో. దానికి ముందు మూడు పనులున్నాయి. విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి, బయోస్ మోడ్ (కంప్యూటర్ మొదలయ్యే పద్ధతి) దగ్గర లెగసీ అని ఉందో, యూఈఎఫ్‌ఐ అని ఉందో రాసి పెట్టుకోండి. రెండు ఓఎస్‌లు కావాలనుకునేవాళ్లకు ఇది తప్పనిసరి, పెన్‌డ్రైవ్ కూడా అదే మోడ్‌లో బూట్ అవ్వాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో చూడండి. మామూలు మోడ్‌లో కరెంటు పోయి వచ్చే ఆ క్షణంలోనే డెస్క్‌టాప్ రీస్టార్ట్ కావచ్చు, లైవ్‌లో దానివల్ల నష్టం లేదు కానీ డిస్క్ మీద రాస్తున్నప్పుడు ఉంది. ఇన్వర్టర్ లేనివాళ్లు ఎండాకాలం సాయంత్రాల్లో, గాలివాన సూచన ఉన్నప్పుడు మొదలుపెట్టకండి. మూడోది బ్యాకప్. ఫైళ్లన్నీ బయటి డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ డిస్క్‌ను ఇంకో కంప్యూటర్‌కు తగిలించి నాలుగైదు ఫొటోలు, ఒకటి రెండు డాక్యుమెంట్లు తెరిచి చూడండి. తెరుచుకున్నాకే నాలుగో పాఠానికి రండి.