వేసవిలో చీలిన టేకు బల్ల: నా అనుభవం

సిరొంచ ఎండలకు 450 మి.మీ. వెడల్పు టేకుబల్ల పైపలక నడిమికి చీలింది. తప్పు చెక్కది కాదు, బిగింపుది. చెక్క నార పొడవునా దాదాపు కదలదు. అడ్డంగా మాత్రం వానల్లో ఉబ్బి, ఎండల్లో కుదించుకుంటుంది. ఈ వెడల్పుకు తేడా 3 నుంచి 6 మి.మీ. దాకా ఉండొచ్చు. స్క్రూలు రెండంచులా కదలకుండా పట్టేస్తే పలక చీలక ఏం చేస్తుంది?

ముందు స్క్రూలన్నీ తీసి పలకను రెండు రోజులు నీడలో ఉంచాను. క్లాంపు మెల్లగా బిగిస్తే చీలిక మూసుకుంది. అలా మూసుకోకపోతే బలవంతం వద్దు. చీలిక వెంట కోసి, అంచులు చిత్రిక పట్టి అతకాలి. టేకులో నూనె ఉంటుంది, జిగురు సరిగా పట్టదు. అందుకే అతికే ముందు అసిటోన్‌తో తుడిచి, ఆరగానే ఫెవికాల్ రాసి 24 గంటలు బిగించాను.

అసలు మరమ్మతు అడుగున ఉంది. పలకను కింద నుంచి స్క్రూలతో పట్టుకునే అడ్డపట్టీల్లో నడిమి రంధ్రం అలాగే వదిలి, రెండు చివరలా 5 మి.మీ. రంధ్రాలు పక్కపక్కన మూడేసి, ఆకురాయితో కలిపి దాదాపు 15 మి.మీ. పొడవు గాడి చేశాను. గాడి నారకు అడ్డంగానే సాగాలి. వాషరు వేసి, స్క్రూ జరిగేంత వదులుగా బిగించాలి. పట్టీకీ పలకకూ మధ్య జిగురు చుక్క కూడా పడకూడదు.

పాలిష్ అడుగువైపు కూడా పైనెన్ని పూతలో అన్ని. పైనే వేస్తే పలక వంగుతుంది.