సాకై సాల్మన్‌ను గుర్తుపట్టాలంటే

తిరుపతిలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. సియాటిల్‌లోని పిల్లల దగ్గరికి బయలుదేరే మా వీధివాళ్లు నన్ను తప్పక అడిగేది అక్కడి సాల్మన్ల గురించే.

జూలైలో వెళ్తే అక్కడి బాలార్డ్ లాక్స్ (పడవలను ఎత్తి దించే నీటి తలుపులు) దగ్గర చేపలు ఎదురీదే మెట్లను అద్దాల్లోంచి చూడవచ్చు. అది సాకై అనే రకం సాల్మన్ వచ్చే కాలం. రంగును మాత్రం నమ్మకండి. ఎర్రటి ఒళ్లు, ఆకుపచ్చ తల గుడ్లు పెట్టే వేళకే వస్తాయి. సముద్రం నుంచి అప్పుడే వచ్చినప్పుడు అన్నీ వెండిరంగే.

ముందు వీపు, తోక చూడండి. స్పష్టమైన నల్లమచ్చలుంటే సాకై కాదు. చినూకో, కోహోనో, పింకో, ఇలా వేరే రకం సాల్మన్ అయి ఉంటుంది. మచ్చలు లేకపోతే సాకై లేదా చమ్ అనే ఇంకో రకం. అసలు చిక్కు ఈ రెంటితోనే! మార్కెట్లో మొప్పలు తీయని చేప దొరికితే మూత ఎత్తి మొదటి మొప్పవంపు చూడండి. సాకైకి 28 నుంచి 40 దాకా సన్నని ముళ్లు దువ్వెన పళ్లలా ఒత్తుగా ఉంటాయి. చమ్‌కు పొట్టిగా, మొద్దుగా, దూరదూరంగా ఉంటాయి. నీటిలోని చిన్న ప్రాణులను వడకట్టి తినడానికే సాకైకి ఆ అమరిక. మాంసం ఎరుపూ ఆ తిండి చలవే.

పులుసు పెడతానంటారా, మీ ఇష్టం. నేనైతే వేపుడే చేయమంటాను.